డబ్బిచ్చి అసూర్యంపశ్యలం అవుదామా?

ఈమధ్య ఏ గృహప్రవేశానికి వెళ్ళినా ఒక మాట తప్పకుండా వినబడుతోంది. "అన్నీ అయిపోయాయండీ, ఇంక కర్టెన్లే మిగిలాయి. అవి కూడా పడితే గదికి నిండుదనం వచ్చేస్తుంది" అని. ఆరు నెలలయ్యాక అదే ఇంటికి ఏ పేరంటానికో వెళ్తే, నిండుదనం నిజంగానే వచ్చి కూర్చుని ఉంటుంది. పట్టపగలు పదకొండు గంటలకి హాల్లో లైట్లు వెలుగుతుంటాయి. నేలమీద జీరాడుతూ మెరూన్ రంగు బరువు తెరలు, వాటికి బంగారు రంగు కుచ్చులు, పైన కడ్డీ కనబడకుండా చెక్క పెల్మెట్టు. వాటి వెనకాల ఎక్కడో ఒక కిటికీ ఉందని ఇంటివాళ్ళు చెబితే నమ్మాలి.

నాకు దీనిమీద చాలా రోజులుగా ఒళ్ళుమంటగా ఉంది. ఈరోజు ఆ మంట కాస్తా ఇక్కడ వెళ్ళగక్కేస్తాను, ఏమీ అనుకోకండి.

కర్టెన్లు వద్దని కాదు నేననేది. కిటికీని గోడగా మార్చేసే కర్టెన్లు వద్దంటున్నాను. ఒక్కసారి లెక్క చూడండి. ఫ్లాటు కొన్నప్పుడు ఆ కిటికీకి కూడా కలిపే డబ్బు కట్టాం. దాన్ని మూయడానికి రెండోసారి కడుతున్నాం. మూశాక చీకటిగా ఉందని లైటుకి, ఉక్కగా ఉందని ఏసీకి నెలనెలా కడుతూనే ఉన్నాం. ఇంత ఖర్చూ దేనికంటే, ఏడాదికి నాలుగుసార్లు వచ్చే చుట్టాలు "అబ్బ, హోటల్లా ఉందండీ మీ ఇల్లు" అనడానికి. హోటల్లో మనం రెండు రోజులుంటాం. ఇంట్లో ముప్ఫై ఏళ్ళుంటాం కదమ్మా!

మా ఫ్లాటుకి కొలతలు తీసుకోవడానికి ఒక కుర్రాడు వచ్చాడు. మర్యాదస్తుడే. "థీమ్ ఏంటి మేడమ్?" అన్నాడు. "సోఫా రంగేంటి? ఐలెట్ పెడదామా, ప్లీట్స్ పెడదామా? లోపల షీర్ కూడా వేద్దామా? బెడ్రూముకి బ్లాకౌట్ రాసేస్తున్నా" అంటూ రాసుకుపోతున్నాడు. "బాబూ, ఈ కిటికీ ఏ దిక్కున ఉందో చూశావా?" అని అడిగాను. "వాస్తు గురించా మేడమ్?" అన్నాడు! ఆరు కిటికీలకి, రెండు బాల్కనీ తలుపులకి కలిపి 72,000 రూపాయల కొటేషన్ ఇచ్చి వెళ్ళాడు. ఆ కాగితంలో సోఫా రంగు ఉంది, గోడ రంగు ఉంది. సూర్యుడి ఊసే లేదు.

కిటికీకి గుడ్డ కట్టే ముందు మొదట తెలియాల్సింది దిక్కే. ఇది వాస్తు కాదు, ఎండ లెక్క. మన హైదరాబాదులో మే రెండో వారంలో, మళ్ళీ ఆగస్టు మొదట్లో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. నీడ కాళ్ళ కిందికి వచ్చేస్తుంది. అందుకే వేసవిలో దక్షిణపు కిటికీకి మధ్యాహ్నం ఎండ పెద్దగా రాదు, పైనున్న సన్‌షేడే ఆపేస్తుంది. అదే కిటికీలోంచి డిసెంబరులో సూర్యుడు వాలుగా లోపలికొచ్చి వెచ్చగా పలకరిస్తాడు. ఆ ఎండని ఎవరైనా వద్దంటారా? తూర్పు ఎండ తొందరగా పైకెక్కిపోతుంది. ఉత్తరం నుంచి ఏడాదిలో ఎక్కువ రోజులు చల్లటి వెలుగే వస్తుంది. అసలు శత్రువు పడమర. రెండు దాటాక సూర్యుడు కిందికి వాలి, సన్‌షేడ్ కిందనుంచి దూరి సరాసరి మంచం మీదికి వస్తాడు. గట్టి తెర కావాల్సింది ఆ ఒక్క దిక్కుకే. మనమేమో నాలుగు దిక్కులకీ ఒకే బట్ట తెగ్గొయ్యించి "మ్యాచింగ్" అంటున్నాం.

పోనీ ఆ పడమటి కిటికీకైనా ఈ బరువు కర్టెన్లు సరైన మందా అంటే, అదీ కాదు. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాక గుడ్డ దాన్ని ఆపినా లాభం సగమే. ముదురు రంగు గుడ్డ ఆ ఎండని తాగి తనే వేడెక్కి, ఆ వేడిని గదిలోకి వదులుతుంది. సాయంత్రం అయిదింటికి పడమటి కిటికీ దగ్గర మెరూన్ కర్టెన్ వెనకాల చెయ్యి పెట్టి చూడండి, ఇస్త్రీపెట్టె దగ్గర పెట్టినట్టే ఉంటుంది. ఎండని ఆపాల్సింది అద్దానికి బయట. మన పెద్దవాళ్ళు వసారాకి తాటాకు తడికలు, వెదురు తడికలు కట్టింది అందుకే. వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లేవాళ్ళు. ఆ నీరు ఆవిరవుతూ లోపలికొచ్చే గాలిని చల్లబరిచేది. తెలంగాణలో, రాయలసీమలో ఉండే పొడి వేడికి అది ఇప్పటికీ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కోస్తా ఉక్కకి అంతగా పనిచేయదు, గాలిలో అప్పటికే తడి ఉంటుంది కాబట్టి. చదువుకోని మా అమ్మమ్మకి తెలిసిన ఈ సంగతి, లక్ష రూపాయల ఇంటీరియర్ ప్యాకేజీలో లేదు.

ఇక గాలి సంగతి. కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియన్సీ వాళ్ళు 2018లో ఇళ్ళ కోసం ఒక నియమావళి తెచ్చారు, పేరు ఎకో నివాస్ సంహిత. ఇంటి నేల వైశాల్యంలో కనీసం ఎంత భాగం తెరుచుకునే కిటికీ ఉండాలో అందులో చెప్పారు. తేమా వేడీ కలిసిన ప్రాంతాలకి, అంటే మన విజయవాడ లాంటి ఊళ్ళకి, 16.66 శాతం. ఆరో వంతన్నమాట. ఆ లెక్కన వంద చదరపు అడుగుల పడగ్గదికి సుమారు 17 చదరపు అడుగులు తెరుచుకోవాలి. ఇప్పుడు మన అపార్టుమెంట్లలో పెడుతున్నవి జరిపే కిటికీలు. నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు కిటికీ పెడితే 16 చదరపు అడుగులు. కానీ ఒక తలుపు ఇంకోదాని వెనక్కి జరుగుతుంది కాబట్టి తెరుచుకునేది ఎనిమిదే. ఆ ఎనిమిది అడుగుల ముందు రెండు పొరల కర్టెన్. ఇంక గాలి ఎక్కణ్ణుంచి వస్తుందండీ? పక్కలకి లాగినా ఆ కుచ్చుల దొంతర అటొక అడుగు, ఇటొక అడుగు మూసే ఉంచుతుంది. కడ్డీ కిటికీ కన్నా రెండు వైపులా అడుగేసి పొడుగు వేయిస్తే గుడ్డంతా గోడ మీదికి వెళ్ళిపోతుంది, కిటికీ మొత్తం బయటపడుతుంది. అడిగితే వేస్తారు, అడగకపోతే ఎవరూ చెప్పరు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఆ ఇంట్లో ఎవరుంటారు? మనం ఉంటాం. ముసలివాళ్ళుంటారు, పసిపిల్లలుంటారు. రాత్రి ఎనిమిదింటికి ఇంటికొచ్చి, లైట్లేసుకుని, ఆ లైట్ల కింద మడతలు అందంగా ఉన్నాయో లేదో చూసే వాళ్ళ కంటికి నచ్చేలా కర్టెన్లు కొంటున్నాం. పగలల్లా ఆ చీకట్లో తిరిగేది మాత్రం మనం. సంస్కృతంలో అసూర్యంపశ్య అని ఒక మాట ఉంది, సూర్యుణ్ణి కూడా చూడని స్త్రీ అని. పూర్వం రాజుల అంతఃపురాల్లో ఉండే ఆడవాళ్ళని గొప్పగా అలా చెప్పేవారు. డిగ్రీలో ఈ మాటకి అర్థం చెప్పినప్పుడు మా క్లాసులో అమ్మాయిలందరం "పాపం" అనుకున్నాం. ఘోషా నుంచి బయటపడటానికి మన ముందు తరాల ఆడవాళ్ళు ఎన్ని మాటలు పడ్డారో మనకి తెలుసు. వాళ్ళని లోపల పెట్టడానికి ఇంకొకళ్ళు తెరలు కట్టారు. మనం ఆ తెరలు మనమే రంగు చూసి, బేరం చేసి, ఈఎమ్ఐ మీద కొనుక్కుంటున్నాం. చెప్పండి, ఇదేం ముచ్చట?

మా అత్తయ్యగారికి ఎనభై దాటాయి. మంచం, కుర్చీ తప్ప ఆవిడకి వేరే లోకం లేదు. "పెద్దావిడ పగలు కూడా పడుకుంటారు కదా, ఆ గదికి బ్లాకౌట్ వేస్తే బాగుంటుంది" అని మా చుట్టాల్లో ఒకరు సలహా ఇచ్చారు. నేను ససేమిరా అన్నాను. ఆవిడకి పొద్దున్నయిందని తెలిసేది ఆ కిటికీలోంచే. పాలవాడి బండి, ఎదురుగా వేపచెట్టు, స్కూలుకెళ్ళే పిల్లలు, ఇవే ఆవిడ పేపరూ, టీవీ. ఒంటికి పగలేదో రాత్రేదో చెప్పేది పొద్దుటి వెలుగే. పగలు చీకట్లో పడుకోబెట్టి, రాత్రి నిద్రపట్టడం లేదని మాత్రలు మింగించడం ఏం తెలివి? ఇంకోటి కూడా గుర్తుంచుకోండి. డి విటమిన్‌కి పనికొచ్చే కిరణాలు మూసిన అద్దంలోంచి లోపలికి రావు. కర్టెన్ తీస్తే చాలదు, కిటికీ కూడా తెరవాలి.

చిన్నపిల్లలున్న ఇళ్ళవాళ్ళకి ఒక హెచ్చరిక. ఇప్పుడు కర్టెన్లకి బదులు బ్లైండ్లు వేయిస్తున్నారు. వాటిని పైకీ కిందికీ లాగడానికి పక్కన వేలాడే తాడో, పూసల గొలుసో ఉంటుంది. అది పసిపిల్లల మెడకి ఉచ్చయ్యే ప్రమాదం ఉంది. అమెరికాలో ఇలా పిల్లలు పోయిన తర్వాతే 2018 డిసెంబరు నుంచి షాపుల్లో రెడీమేడ్‌గా అమ్మే బ్లైండ్లకి తాడు ఉండకూడదు, ఉన్నా పిల్లల చేతికి అందకూడదు అని ప్రమాణం పెట్టారు. ఇక్కడ మనకి అమ్మేవాళ్ళు ఆ మాటే ఎత్తరు. మీరే అడగండి. ఇప్పటికే వేయించి ఉంటే తాడు పైన కొక్కేనికి చుట్టేయండి, ఆ కిటికీ కింద ఉయ్యాల గానీ మంచం గానీ వేయకండి.

ఇక ఉతుకుడు. కర్టెన్ల షాపులో ఎవరూ ఎత్తని విషయం, మనం మాత్రం ఎత్తకుండా ఉండలేని బరువు. దసరాకో సంక్రాంతికో ఇల్లు దులుపుతాం. స్టూలెక్కి కడ్డీ దించేది ఎవరు? రింగులు ఊడదీసేది ఎవరు? తడిస్తే ఇద్దరు మనుషులు పట్టుకోవాల్సిన వెల్వెట్టుని బాల్కనీ తీగ మీద ఆరేసేది ఎవరు? "డ్రై క్లీనింగ్ మాత్రమే" అని చీటీ ఉంటే ఇంకా బాధ, ఆ ఖర్చుకి జడిసి రెండేళ్ళపాటు ఉతకనే ఉతకరు. ఆ రెండేళ్ళ దుమ్మూ ఆ మడతల్లోనే ఉంటుంది. గాలి వేసినప్పుడల్లా పిల్లాడి ముక్కు మీదికి రాలుతుంది. తుమ్ములు, ఆయాసం ఉన్న పిల్లలున్న ఇంట్లో ఎత్తలేని, ఉతకలేని కర్టెన్ ఉండకూడదు. నా లెక్క ఒకటే. ఒంటిచేత్తో దించి, బట్టల మిషన్లో వేసి, అదే సాయంత్రం మళ్ళీ తగిలించగలిగితే అది కర్టెన్. లేకపోతే అది మన నెత్తిన పెట్టిన ఇంకో చాకిరీ.

నామీదికి వచ్చే ప్రశ్నలు నాకు తెలుసు.

"ఎదురింటి వాళ్ళకి కనబడుతుంది కదండీ?" నిజమే, అపార్టుమెంట్ల మధ్య పదడుగులు కూడా ఉండటం లేదు. కానీ పగలు బయట వెలుగెక్కువ, లోపల తక్కువ. పల్చటి తెల్ల నూలు గుడ్డ కట్టినా బయటివాళ్ళకి గుడ్డే కనబడుతుంది, మనం కనబడం. రాత్రి లోపల లైటు వేశాక అది తారుమారవుతుంది. అప్పుడు దీపాలవేళకి దళసరి పొర లాగాలి, పొద్దున్నే తీసేయాలి. పాత ఇళ్ళ కిటికీలు గుర్తున్నాయా? పైన రెండు రెక్కలు, కింద రెండు రెక్కలు. కింది రెక్కలు మూస్తే వీధిలో వాళ్ళకి మనం కనబడం. పై రెక్కలు తీస్తే గాలీ వెలుతురూ వస్తాయి. రెక్కలు లేని కిటికీకి అదే పని సగం కర్టెన్ చేస్తుంది. స్ప్రింగు తీగ మీద కింది సగానికే గుడ్డ. దాన్ని "మధ్యతరగతి కర్టెన్" అని ఇప్పుడు వెక్కిరిస్తున్నారు. వెక్కిరించనీండి.

"దుమ్మండీ, రోడ్డు పక్కనే" అంటారు. దోమల జాలీ వేయించి, పల్చటి గుడ్డ కట్టి పదిహేను రోజులకోసారి ఉతికితే దుమ్ము బకెట్లోకి పోతుంది. దళసరి గుడ్డలో అయితే ఇంట్లోనే కాపురం ఉంటుంది.

"మా అబ్బాయికి రాత్రి డ్యూటీ, పగలు పడుకోవాలి" అంటే దానికి నేనేమీ అనను. ఆ గదికి బ్లాకౌట్ వేయించండి, అది అవసరం. వాడు లేచాక తీయించండి, అంతే. వేసవిలో మధ్యాహ్నం వడగాలికి తలుపులూ తెరలూ మూయడం కూడా తెలివైన పనే. కానీ పొద్దుగూకాక తీయాలి. నేను పోట్లాడేది మూసే తెరతో కాదు, ఒకసారి వేశాక కదలని తెరతో. మడతలు చెదిరిపోతాయని, పిల్లలు లాగుతారని, టై బ్యాక్ ఊడిపోతుందని ముట్టుకోనివ్వని కర్టెన్లున్న ఇళ్ళు నాకు తెలుసు.

మన భాషలో తెర ఎప్పుడూ తీసేందుకే ఉంది. పెళ్ళిలో వధూవరుల మధ్య అడ్డుతెర పట్టేది జీలకర్ర బెల్లం ముహూర్తానికి తీసేయడానికే. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ తెర మీదుగా జడ వేసి సవాలు చేస్తుంది, ఆ తెర తొలగుతుంది కాబట్టే ఆ జడకి అంత అందం. ఎప్పటికీ తీయని తెరని తెర అనరు, తడక అంటారు.

అందం వద్దా మరి అంటారేమో. అందం కావాలి, కానీ దానికోసం పాలిస్టర్ వెల్వెట్టు దగ్గరికే వెళ్ళక్కర్లేదు. మచిలీపట్నం అద్దకం బట్టలు ఒకప్పుడు ఓడలెక్కి ఐరోపా ఇళ్ళల్లో తెరలుగా, పందిరిమంచాల గుడ్డలుగా వేలాడాయి. మన దేశపు అద్దకపు నూలు బట్టల మీద అక్కడి జనానికి ఎంత మోజంటే, తమ నేతగాళ్ళు దెబ్బతింటున్నారని ఫ్రాన్స్ 1686లో, ఇంగ్లండ్ 1700లో, మళ్ళీ 1721లో చట్టాలు చేసి అడ్డుకోవాల్సొచ్చింది. చలిదేశాల వాళ్ళు మన పల్చటి నూలు గుడ్డ కోసం ఎగబడితే, ఎండదేశం వాళ్ళం మనం చలిదేశపు వెల్వెట్టు కోసం ఎగబడుతున్నాం. పెడనలో ఇప్పటికీ చెక్క అచ్చులతో కలంకారీ అద్దుతున్నారు. మంగళగిరి నూలు ఉంది. చేనేత గుర్తు చూసి మీటర్ల లెక్కన కొనుక్కోవచ్చు.

కొనేవాళ్ళకి నాలుగు మాటలు. కడ్డీ వెడల్పుకి రెండింతల గుడ్డ చాలు, మూడింతలు అంటే షాపువాడికి లాభం. అయిదడుగుల కిటికీకి 48 అంగుళాల పన్నా గుడ్డ మూడు పన్నాలు పడుతుంది. సగం కర్టెన్‌కి మడతతో కలిపి మూడడుగుల పొడుగనుకుంటే 2.75 మీటర్లు. నేలదాకా వేలాడదీస్తే ఎనిమిదడుగుల చొప్పున దాదాపు ఏడున్నర మీటర్లు. తేడా మీరే చూసుకోండి. నూలు గుడ్డ కుంచించుకుపోతుంది, అందుకని కుట్టించే ముందే ఒకసారి తడిపి ఆరేయండి. కలంకారీ లాంటి సహజ రంగులు పడమటి ఎండకి వెలిసిపోతాయి, వాటిని ఉత్తరానికి పెట్టుకోండి. పడమరకి బయట వెదురు తడిక, లోపల తెల్ల గుడ్డ. ఇంకోటి, అమ్మ పట్టుచీరని కర్టెన్ కుట్టించే ఫ్యాషన్ ఒకటి వచ్చింది. పట్టు ఎండకి చివికిపోతుందమ్మా, దయచేసి ఆ పని చేయకండి. పాత నూలు చీర కుట్టించండి, ఎండని ఎంచక్కా వడకట్టి పంపిస్తుంది.

మా ఇంట్లో రెండు బాల్కనీలకి వెదురు తడికలు, హాల్లో, వంటింట్లో సగం కర్టెన్లు, పడగ్గదుల్లో రెండు పొరల నూలు గుడ్డ వేయించాం. కుట్టుకూలితో సహా 12,000 దాటలేదు. మావారు మొదట్లో "మరీ పల్లెటూరి ఇల్లులా లేదూ?" అన్నారు. ఆదివారం పగలు ఒక్కరోజు హాల్లో కూర్చుని పేపరు చదువుకున్నాక ఇంక ఆ మాట ఎత్తలేదు.

చివరగా ఒకే మాట. కర్టెన్లకి అడ్వాన్సు ఇచ్చే ముందు ఒకరోజు పొద్దున్న ఎనిమిదింటికి, మధ్యాహ్నం మూడింటికి, రాత్రి ఎనిమిదింటికి ప్రతి కిటికీ దగ్గరా అయిదు నిమిషాలు నిలబడండి. ఎండ ఎక్కడ పడుతోందో, గాలి ఎటునుంచి వస్తోందో, ఎవరి చూపు పడుతోందో మీకే తెలుస్తుంది. ఆ మూడూ ఒక కాగితం మీద రాసుకుని షాపుకి వెళ్ళండి. థీమ్ ఏంటి మేడమ్ అని అడిగితే ఆ కాగితం చేతిలో పెట్టండి. ఆ ఇంట్లో పగలంతా ఉండేది మనం కాబట్టి, ఆ కిటికీ విషయంలో ఆఖరి మాట కూడా మనదే కావాలి.